దోషం చెప్పని బేరం

గరికలంక,
20 ఆగస్టు 2023

చిరంజీవి రాజేష్‌కు,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం ఉన్నాం. మీ అమ్మ వేళకి మందులు వేసుకుంటోందా?

మొన్న నువ్వు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు. నేను ఊఁ కొట్టాను గానీ ఒక్క ముక్క వినపడలేదు. చెవి మిషను పెట్టుకుంటే ఫోను కీచుమంటోంది. అందుకని రాస్తున్నాను. నువ్వూ రాయి. కాగితమైతే మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించక్కర్లేదు.

పోస్టులో నా పేరున ఒక పుస్తకం వచ్చింది. అట్ట మీద రొయ్య బొమ్మ. లోపలంతా ఇంగ్లీషు, అంకెలు. ఎదురింటి హనుమంతరావు మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "మీరు శుభజల మెరైన్ కంపెనీలో వాటాదారులండీ! మన డ్రైను గట్టు మీద ఫ్యాక్టరీయే ఇది. ఇంత గుంభనంగా ఉంటారా అండీ?" అన్నారు. నాకు సిగ్గేసింది. అరుగు దిగి గేదె దగ్గరికి వెళ్ళిపోయాను.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన పొలం చెక్కకి గవర్నమెంటు ఇచ్చిన డబ్బు నేను నీ చేతికిచ్చింది మీ అత్తయ్య మోకాళ్ళ ఆపరేషన్ కోసం. బ్యాంకులో వేస్తావనుకున్నాను. నువ్వు చెప్పే ఉంటావు, నాకే వినపడి ఉండదు. సంగతి రాయి.

మీ అత్తయ్య వంటింట్లోంచి వసారాలోకి కూర్చునే జరుగుతోంది. నేను చూడనప్పుడు.

మావయ్య,
గంగాధరరావు


వట్లూరు, ఏలూరు,
2 సెప్టెంబరు 2023

పూజ్యులు మావయ్య గారికి,

మీ మేనల్లుడు రాజేష్ నమస్కారాలు. మీ అక్షరాలు చూసి అమ్మ కళ్ళకద్దుకుంది. "మా తమ్ముడు నోటితో చెప్పని మాటలన్నీ కాగితం మీద పెట్టాడు" అని మా షేర్ల ఆఫీసుకి కూడా తెచ్చి చూపించింది. పోస్టు కవరు కొనడానికి వెళ్తే, పోస్టాఫీసులో కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

మావయ్యా, బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీతో అత్తయ్య మోకాళ్ళకి కట్టు గుడ్డలొస్తాయి, మోకాళ్ళు రావు. అందుకే షేర్లు కొన్నాను. కంపెనీలో చిన్న ముక్క మీదన్న మాట. మనకి తెలిసిన కంపెనీ అయితే మేలని, మీ ఊరిదే చూశాను. ఖాతా మీ పేరునే ఉంది. ఫోన్ నంబరు మాత్రం నాది ఇచ్చాను, మీకు వినపడదు కదా అని.

ధర బాగా లేచింది. ఈ మూడు నెలల లెక్కల్లో లాభం చూసి మా ఆఫీసులో అందరూ నోరు తెరిచారు. అమ్మకాలు పాత వరసలోనే ఉన్నాయి, ఖర్చులు తగ్గించారు. కొత్త మేనేజరు గట్టివాడట. వచ్చే ఎండాకాలానికి అత్తయ్య నడుచుకుంటూ మా ఇంటికొచ్చి నాకు పులస కాకపోయినా కొరమీను పులుసైనా వండిపెట్టాలి. ఆ పూచీ నాది.

అత్తయ్యకి నమస్కారాలు.

మీ
రాజేష్


గరికలంక,
14 డిసెంబరు 2023

చిరంజీవి రాజేష్‌కు,

ఆశీస్సులు. తుపాను వానకి ఊడ్పులు వెనకబడ్డాయి. గేదె ఈనింది. దూడ దక్కలేదు.

వాళ్ళు తగ్గించిన ఖర్చు ఏమిటో తెలిసింది. నీకు రాయాలనిపించింది.

మన ఇస్సాకు నీకు తెలుసు. మా నాన్న హయాం నుంచీ మన చేలో పని. చేను లేనప్పుడు డ్రైనులో వల వేసుకుంటాడు. వాళ్ళావిడ ఆ ఫ్యాక్టరీలోనే రొయ్యల తలలు తీసే షెడ్డులో కూలి. తలలు తీసిన మురుగునీళ్ళని శుద్ధి చేసే మిషను ఒకటి ఉందట. కొత్త మేనేజరు వచ్చాక దాన్ని ఆపేశారట. కరెంటు మిగులు, మందుల డబ్బు మిగులు. నీళ్ళు ఎక్కడో దాచి, వాన పడ్డప్పుడల్లా డ్రైనులోకి వదులుతున్నారు. ఆ డ్రైను కొల్లేట్లోకే కదా పోయేది.

మొన్న వాన వెలిశాక గట్టు మీదికి వెళ్ళాను. కొరమీనులు, జెల్లలు తెల్ల పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కొంగలు కూడా ముట్టడం లేదు. ఇస్సాకు చేతులు మోచేతుల దాకా పుళ్ళు పడ్డాయి. చొక్కా చేతులు కిందికి లాక్కుని, "ఏం లేదండీ, దురదండీ" అన్నాడు. ఆ నీళ్ళు పెట్టి రెండో పంటకి పోసుకున్న మన దాళ్వా నారుమడి కూడా ఎర్రబడింది.

నేను వాటాదారుణ్ణి కదా, ఒక మాట చెబుదామని ఆ రొయ్య బొమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ మంచివాడే. "ఎవరు కావాలండీ?" అన్నాడు. వాటాదారుణ్ణి అన్నాను. "ఏ లారీలో అండీ వాటా?" అన్నాడు. కుర్చీ వేసి టీ తెప్పించాడు. టీ తాగాను, గ్లాసు కడిగి ఇచ్చాను. వచ్చేశాను.

మనకి ఆ కంపెనీ వద్దు. అమ్మెయ్. అయితే కొనేవాడెవరో ముందు నాకు రాయి. పేరు, ఊరు చాలు. నేను వెళ్ళి ఒక మాట చెప్పి వచ్చాక డబ్బు తీసుకో.

మావయ్య


వట్లూరు,
5 జనవరి 2024

పూజ్యులు మావయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కాసేపు నవ్వాను, కోప్పడకండి. షేరు కొనేవాడికి ఊరూ పేరూ ఉండవు మావయ్యా. మనం ఇక్కడ మీట నొక్కితే ఎక్కడో ఎవడో కొంటాడు. బొంబాయిలో ఉండచ్చు, బెజవాడలో ఉండచ్చు. వాడెవడో ఆ దేవుడికి కూడా తెలీదు. మీరు రైలెక్కి వాణ్ణి వెతుక్కుంటూ వెళ్తారా, తువ్వాలు భుజాన వేసుకుని?

ఇంకో మాట, చనువుతో చెబుతున్నాను. మనం అమ్మినంత మాత్రాన ఆ మిషను తిరగదు. మన ముక్క ఇంకొకడి చేతికి వెళ్తుంది, మురుగు మాత్రం అక్కడే ఉంటుంది. నష్టపోయేది అత్తయ్య మోకాళ్ళు. ధర ఇంకా లేస్తుంది, కొన్నాళ్ళు ఆగండి. ఇస్సాకు మాటలకేం, వాళ్ళావిడ అక్కడే కూలి తీసుకుంటోంది కదా.

మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఊళ్ళో ఎవరైనా కంప్లయింటు పెట్టారా? పెడితే ఎక్కడ పెట్టారు, అధికారులు ఎప్పుడొస్తామన్నారు? విన్నవి విన్నట్టు రాయండి. నాకు ఊరి సంగతులు తెలుస్తూ ఉండాలి కదా.

మీ
రాజేష్


గరికలంక,
29 జనవరి 2024

చిరంజీవి రాజేష్‌కు,

ఆశీస్సులు. నువ్వు నవ్వినందుకు నాకేం కోపం లేదు. చదివి వినిపిస్తే మీ అత్తయ్య కూడా నవ్వింది. "ఎద్దుకైతే సుళ్ళు చూస్తారు, తోకెత్తి చూస్తారు. షేరుకి తోకెక్కడండీ?" అంది.

నువ్వు పట్నంలో పెరిగావు. నీకు తెలియదేమో రాస్తాను. మనింట్లో దోషం చెప్పకుండా పశువుని ఎప్పుడూ అమ్మలేదు. మీ తాతగారు గూడెం అవతల సంతలో ఒక ఎద్దుని పెట్టి, అడిగినవాడికల్లా "ఎడం పక్కకి రాకండి, తంతుంది" అని చెప్పేవారు. ధర సగానికి పడింది. నేను పక్కనే గడ్డి మోపు మీద కూర్చుని ఏడుపు మొహం పెట్టాను. కొన్నాయన తర్వాత ఒకరోజు కుంటుకుంటూ వచ్చాడు. తగువుకి కాదు. "మీరు చెప్పారండీ, నేనే మర్చిపోయాను" అని మజ్జిగ తాగి వెళ్ళాడు. దోషం దాచి అమ్మితే వేరే. అప్పుడు కొన్నవాడు పశువుని తోలుకొచ్చి మన గాట్లో కట్టేసి, ఇచ్చిన డబ్బు పట్టుకుపోతాడు. ఊళ్ళో ఎవరూ అడ్డం రారు.

కొనేవాడికి చెప్పే దారి లేదంటున్నావు. అయితే అమ్మొద్దు. మన గాట్లోనే ఉండనీ. చస్తే మన గాట్లోనే చావనీ.

అధికారుల సంగతి అడిగావు. ఊరి మీద నీకు బెంగ ఉన్నందుకు సంతోషం. ఇస్సాకు వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టి ఏలూరు వెళ్ళి కాలుష్యం ఆఫీసులో ఇచ్చారు. శివరాత్రి వెళ్ళగానే వస్తామన్నారట. పైదేశం పంపిన సరుకు కూడా కొంత వెనక్కొచ్చిందట, షెడ్డు వెనక దింపి టార్పాలిన్ పట్టా కప్పారని ఇస్సాకు భార్య చెప్పింది. బయట అనొద్దంది. నీకు రాయడం బయట కాదు కదా.

మొన్న పొద్దున హనుమంతరావు మాస్టారు మన అరుగు మీద కాఫీ తాగుతూ నా చెవి దగ్గరికొచ్చి, "ఏవండీ, ఆ షేర్లు అమ్మేశారా?" అని గట్టిగా అడిగారు. లేదండీ అన్నాను. "అమ్మరా?" అన్నారు. అమ్మనండీ అన్నాను. ఆయన తలూపి లేచారు. ఎందుకో చెబుదామనుకున్నాను. ఆయన చెప్పులు వేసుకునేసరికి మాట నోట్లోనే ఉండిపోయింది. చదువు చెప్పిన మనిషి, ఆయనకి నేను చెప్పేదేముంది అని కూడా అనుకున్నాను.

మావయ్య


వట్లూరు,
17 మార్చి 2024

పూజ్యులు మావయ్య గారికి,

నమస్కారాలు. మన పంట పండింది మావయ్యా! ఒక్క గింజ రాలకుండా ఇంటికి చేరింది.

మీ ఉత్తరం అందిన వారంలోనే అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య మాట పట్టుకు కూర్చోకు, అమ్మెయ్ రా" అంది. మీకు చెప్పడానికి మొహమాటమై అత్తయ్య చేత చెప్పించారనుకుని, మీవీ నావీ కలిపి అమ్మేశాను. మంచి ధర వచ్చింది. శివరాత్రి వెళ్ళింది, అధికారులు వచ్చారు, ఫ్యాక్టరీకి సీలు వేశారు. వెనక్కొచ్చిన సరుకు సంగతి కూడా పేపర్లో పడింది. ఇప్పుడు ఆ షేరు రోజూ పొద్దున్నే కిందికి పడి, అక్కడే తాళం వేసుకుంటోంది. అమ్ముదామన్నా కొనే నాథుడు లేడు. మనం మాత్రం గట్టెక్కాం.

డబ్బు మీ బ్యాంకు ఖాతాలో వేశాను. ఆపరేషన్‌కి ఏలూరులో డాక్టరుగారితో మాట్లాడతాను.

దోషం చెప్పలేదని మనసు కష్టపెట్టుకోకండి. కొన్నవాడెవడో మనకి తెలీదు, మనమెవరో వాడికి తెలీదు. దీన్నే మార్కెట్ అంటారు.

మీ
రాజేష్


గరికలంక,
30 మార్చి 2024

రాజేష్‌కు,

నీ ఉత్తరం అందింది. మీ అత్తయ్యని అడిగాను. అవును నేనే చెప్పాను అంది. "మీ నోట్లోంచి మాట వచ్చేలోపు నా కాళ్ళు కట్టెల్లోకి పోతాయి" అంది. 

ఫ్యాక్టరీ మూశారు. ఇస్సాకు నెగ్గినట్టే. వాళ్ళావిడ, ఆ షెడ్డులో ఆడవాళ్ళంతా ఇళ్ళ దగ్గర కూర్చున్నారు. వాళ్ళావిడ రోజూ అతన్ని తిడుతోంది. నలుగురూ అతని గుమ్మం ముందు ఆగి మరీ తిడుతున్నారు. డ్రైను నీళ్ళు ఇంకా అదే రంగులో ఉన్నాయి.

మొన్న హనుమంతరావు మాస్టారు వచ్చారు. గడ్డం గీసుకోలేదు. నేను ఎప్పుడూ ఆయన్ని అలా చూడలేదు. నా పక్కన కూర్చుని చెవి దగ్గర, "ఇద్దరం ఉన్నాం కదండీ. మళ్ళీ లేస్తుందంటారా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. రిటైర్‌మెంటు డబ్బు, ఇంటి మీద తెచ్చిన అప్పు, మొత్తం ఆ షేర్లలో పెట్టారట. "మీరు అమ్మనన్నారు. ఊరికే అనే మనిషి కాదు గంగాధరరావుగారు, గట్టి సంగతేదో తెలిసే ఉంటుందనుకున్నానండీ" అన్నారు.

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఆయన నా మొహం చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. నేను దాన్ని బయటికి తీయలేదు.

లేచేటప్పుడు మాస్టారు, "మీ రాజేష్ ఆఫీసులోనే కొన్నానండీ, మీవాడు మర్యాదగా టీ కూడా ఇప్పించాడు" అన్నారు.

కొనేవాడి పేరు, ఊరు రాయమన్నాను నీకు. ఆ పేరు నీ ఎదురు కుర్చీలో కూర్చుని టీ తాగిందా? ఏ రోజున? మనవి అమ్మిన రోజునేనా?

గంగాధరరావు


వట్లూరు,
8 ఏప్రిల్ 2024

మావయ్య గారికి,

మీరు 'ఆశీస్సులు' లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇది. అమ్మకి చూపించలేదు.

అవును, ఆయన వచ్చారు. మనవి అమ్మిన రోజే. ఆయన షేర్లు మన షేర్లేనా అంటే నాకు తెలీదు. ఆ కంపెనీవి ఆ రోజు వేలమంది అమ్మారు, వేలమంది కొన్నారు. ఆయన్ని కొనమని నేను చెప్పలేదు. మీ పేరు చెప్పుకుని నవ్వుతూ వచ్చారు, ఏది కొనాలో ముందే నిర్ణయించుకుని వచ్చారు. వద్దండీ అంటే ఎందుకని అడుగుతారు. అధికారులు వస్తారని నాకెలా తెలుసని అడుగుతారు. అప్పుడు మీ ఉత్తరం బయట పెట్టాలి. ఇస్సాకు భార్య పేరు బయట పెట్టాలి. లోపలి సంగతి తెలిసి అమ్మానని నా ఉద్యోగం పోతుంది. నన్నేం చెయ్యమంటారు?

ఒక్క మాట అడుగుతాను, తప్పయితే క్షమించండి. ఆయన మీ ఎదురింట్లో ఉంటారు. రోజూ మీ అరుగు మీద మీ కాఫీ తాగుతారు. మీరు చెప్పలేని మాట నేనెలా చెప్తాననుకున్నారు?

రాజేష్


గరికలంక,
26 మే 2024

చిరంజీవి రాజేష్‌కు,

ఆశీస్సులు. నువ్వు అడిగింది తప్పు కాదు. 

మాస్టారు ఇల్లు అమ్మేశారు. తణుకులో కూతురింటికి వెళ్ళిపోతున్నారని మీ అత్తయ్య చెప్పింది. సామాను లారీకి ఎక్కిస్తుంటే వెళ్ళాను. ముందురోజే బ్యాంకుకి వెళ్ళి నువ్వు వేసిన డబ్బంతా తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆయనకి పోయినదానిలో అది సగం కూడా రాదు. అయినా పట్టుకెళ్ళాను.

చెప్పాను. మొత్తం చెప్పాను. డ్రైను, ఆపేసిన మిషను, పట్టా కప్పిన సరుకు, నేను నీకు రాసిన ఉత్తరం, నువ్వు అమ్మిన సంగతి. నేను అంతసేపు మాట్లాడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. లారీ వాళ్ళు కూడా బీరువా కింద పెట్టి నిలబడ్డారు. చివరికి సంచి ఆయన ముందు పెట్టి, "దోషం చెప్పకుండా అమ్మిన పశువండీ. నా గాట్లో కట్టేసి మీ డబ్బు మీరు పట్టుకెళ్ళండి" అన్నాను.

ఆయన సంచి వంక చూశారు. కోపం లేదు. పిల్లాడికి లెక్క తప్పు ఎక్కడుందో చూపించినట్టు, నా చెవి దగ్గర నెమ్మదిగా చెప్పారు.

"నేను మీ దగ్గర కొనలేదండీ. మిమ్మల్ని చూసి కొన్నాను."

సంచి తీసి నా చేతికిచ్చేశారు. వాళ్ళావిడ లారీ ముందు సీట్లో తులసికోట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా వైపు తిరగలేదు.

మీ దగ్గర కొన్నానని ఆయన అంటే తిరిగి ఇవ్వడానికి నాకు దారి ఉంది. మిమ్మల్ని చూసి కొన్నానంటే దారి లేదు. ఏ సంతలోనూ దానికి రివాజు లేదు. చాలా ఆలోచించాను.

డబ్బు ఇంట్లో ఉంది. ఇస్సాకుకి పుళ్ళకి మందులకని కొంత ఇవ్వబోతే, "ఆ కంపెనీ డబ్బు మాకొద్దండీ" అన్నాడు. వాళ్ళావిడ తలుపు చాటు నుంచి, "కూలి డబ్బు కూడా ఆ కంపెనీదే కదా, అప్పుడు తిన్లేదా?" అని అరిచింది. నేను అక్కడ ఉంచి వచ్చేశాను. సాయంత్రం నా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు.

మీ అత్తయ్య నిన్న వసారాలోంచి లేవబోయి పడింది. చేత్తో నేల పట్టుకుని అలాగే ఉండిపోయింది, నన్ను పిలవలేదు. పిలిచినా నాకు వినపడదని. ఎంతసేపు అలా ఉందో తెలియదు.

ఆ డబ్బుతో ఆపరేషన్ చేయించుకుంటావా అని అడిగితే సరే అంటుంది. అందుకే అడగడానికి భయపడ్డాను. నిన్న అడిగాను. సరే అంది.

డాక్టరుగారి దగ్గర తేదీ తీసుకుని రాయి.

మావయ్య


గరికలంక,
1 డిసెంబరు 2024

చిరంజీవి రాజేష్‌కు,

ఆశీస్సులు. ఆస్పత్రిలో నువ్వు పడ్డ శ్రమ మీ అత్తయ్య చెబుతూ ఉంటుంది. నేను నీతో సరిగా మాట్లాడలేదు. మనసులో పెట్టుకోకు.

ఆవిడ కాళ్ళు బాగా కుదుటపడ్డాయి. కర్ర లేకుండా ఇల్లంతా తిరుగుతోంది. నాకు చప్పుడు వినపడదు గానీ, అరుగు మీద కూర్చుంటే ఆవిడ అడుగు నా కింద తెలుస్తోంది. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. పేరు మార్చారు. ఆడవాళ్ళంతా పనిలోకి వెళ్తున్నారు. ఇస్సాకు వల అమ్మేశాడు. మిషను తిరుగుతోందో లేదో అతని భార్య ఇప్పుడు చెప్పడం లేదు.

మొదట్లో మీ అత్తయ్య వీధి చివరి దాకా నడిచి వచ్చేది. ఎదురైనవాళ్ళంతా ఆగి, ఎంత బాగా నడుస్తున్నారండీ, ఎక్కడ చేయించారండీ అని అడిగేవారు. నన్ను కూడా అడిగేవారు, డబ్బు ఎలా సర్దారండీ అని. ఈసారి ఊరుకోలేదు. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఏ కంపెనీ డబ్బో, అది ఎలా వచ్చిందో, కొన్నవాళ్ళు ఇంకా దిగని ఎదురింటికి తాళం ఎందుకు పడిందో, మొత్తం చెప్పాను. ఆవిడ పక్కన ఉన్నప్పుడు కూడా చెప్పాను. ఇకమీదట ఎవరు అడిగినా చెబుతాను.

మీ అత్తయ్య వీధిలోకి రావడం మానేసింది. గుమ్మం దాకా నడిచి వచ్చి, ఎదురింటి తాళం చూసి, వెనక్కి వెళ్ళిపోతుంది.

మావయ్య,
గంగాధరరావు